బలికి తగినవాడు

నేపాళ మాంత్రికుడికి ఒక మనిషి కావాలి. ఎవరో ఒకరైతే చాలదు. డబ్బిస్తే వెంట వచ్చే కూలివాడు పనికిరాడు, గదమాయిస్తే లొంగిపోయే పిరికివాడు అసలే పనికిరాడు. సాహసం, తెలివి రెండూ ఒకే ఒంట్లో ఉన్న పడుచువాడు దొరకాలి. అలాంటివాణ్ణి పాతాళభైరవికి బలి ఇస్తే, కోరిందల్లా తెచ్చిపెట్టే ప్రతిమ చేతికొస్తుంది. ఆ ఒక్కడి కోసం వెతుక్కుంటూ మాంత్రికుడు ఉజ్జయిని దాకా వస్తాడు. అక్కడ రాజుగారున్నారు, రాజుగారి బావమరిది ఉన్నాడు, కోట నిండా కత్తులు పట్టినవాళ్ళున్నారు. మాంత్రికుడి చూపు వాళ్ళెవరి మీదా ఆగదు. ఒక తోటమాలి కొడుకు మీద ఆగుతుంది.

1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’ కథకు కీలు ఇక్కడుంది. మంత్రాలూ మాయలూ నిండిన కథలో వీరుడెవరు? చేతిలో మహిమ ఉన్నవాడా, దేవతాంశతో పుట్టినవాడా, రాజవంశం వాడా? దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు చెప్పిన జవాబు ఇవేవీ కాదు. వాళ్ళ లెక్కలో వీరుడంటే బలికి తగినవాడు. ఏ గుణాలు చూసి దుర్మార్గుడు అతణ్ణి చంపడానికి ఎంచుకున్నాడో, సరిగ్గా ఆ గుణాలతోనే అతడు బతికి బయటపడతాడు. మూడు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో ఈ ఒక్క ఆలోచన ఎక్కడా తెగకుండా సాగుతుంది. దాన్ని అంత నేర్పుగా అల్లిన చేతుల పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

పనిచేసిన చేతులు

విజయా సంస్థకు ఇది రెండో సినిమా. మొదటిది ‘షావుకారు’ (1950), పల్లెటూళ్ళో ఇరుగుపొరుగు కుటుంబాల కథ. దాని తర్వాత ఒక్కసారిగా గుహలు, భైరవి, గాలిలో తేలిపోయే మేడ. పైకి చూస్తే పెద్ద గెంతులా కనిపిస్తుంది. కానీ సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి 1947 నుంచి ‘చందమామ’ నడుపుతున్నవాళ్ళు. రాజు, రాక్షసుడు, మాంత్రికుడు వాళ్ళకు నెలనెలా ఇంటికొచ్చే చుట్టాలు. అద్భుతమైన విషయాన్ని అతి మామూలుగా చెప్పడం, ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేలా చెబుతూనే ఎనభై ఏళ్ళ ముసలివాణ్ణి కూర్చోబెట్టడం ఆ పత్రిక పద్ధతి. ఆ పద్ధతే సినిమాలోకి వచ్చింది.

కె.వి.రెడ్డి వాహినిలో ‘భక్త పోతన’ (1942), ‘యోగి వేమన’ (1947) తీసి, ‘గుణసుందరి కథ’ (1949)తో జానపదం రుచి చూపించి వచ్చినవారు. చిత్రీకరణ మొదలుకాక ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని, ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో లెక్క తేల్చుకునే మనిషిగా పేరు. పింగళి కథ, మాటలు, పాటలు రాశారు. స్క్రీన్‌ప్లేలో కె.వి.రెడ్డితో పాటు కమలాకర కామేశ్వరరావు చెయ్యి ఉంది. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లీ, సంగీతం ఘంటసాల, కళ గోఖలే, కళాధర్. కథకు కాశీమజిలీ కథల పునాది ఉంది, అల్లావుద్దీన్ అద్భుతదీపం నీడ కూడా ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ తీశారు, ఆ తర్వాత హిందీకీ వెళ్ళింది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.

తోటరాముడు వేసిన ఎన్.టి.రామారావుకు అప్పటికి ఇంకా 28 నిండలేదు. ‘మనదేశం’ (1949)లో చిన్న పోలీసు వేషంతో తెరకెక్కి రెండేళ్ళు కూడా గడవలేదు. మాంత్రికుడు వేసిన ఎస్.వి.రంగారావుకు 32 ఏళ్ళు. ఈ రెండో అంకె తెలిశాక సినిమా మళ్ళీ చూడాలి. ఆ గడ్డం వెనక, ఆ గొంతు వెనక ఉన్నది ముసలివాడు కాదని తెలిసి కూడా కన్ను ఒప్పుకోదు.

రాముడి వేషానికి మొదట అనుకున్నది అక్కినేని నాగేశ్వరరావును అని, ఇద్దరు హీరోలూ టెన్నిస్ ఆడుతుండగా చూసి, బంతిని రామారావు బాదే తీరు నచ్చి కె.వి.రెడ్డి మనసు మార్చుకున్నారని సినిమావాళ్ళు ఒక ముచ్చట చెబుతారు. జరిగిందో, జరిగినట్టు అల్లుకున్నదో గానీ ఆ ముచ్చటలో ఒక నిజం ఉంది. దర్శకుడు వెతికింది అందమైన ముఖం కోసం కాదు. ఆలోచన కన్నా అరక్షణం ముందు కదిలే ఒంటి కోసం. మాంత్రికుడు ఉజ్జయినిలో వెతికినదీ అదే.

వీరుణ్ణి ముందుగా గుర్తించిన కన్ను

మామూలు జానపదంలో నాయకుడి గొప్పతనం ఎలా తెలుస్తుంది? భటులు పొగుడుతారు, జనం జేజేలు కొడతారు, లేదా నాయకుడే తొడగొట్టి చెప్పుకుంటాడు. ‘పాతాళభైరవి’లో ఆ పని శత్రువుకు అప్పగించారు. తోటరాముడు ఎంతటివాడో అందరికన్నా బాగా తెలిసినవాడు మాంత్రికుడు. తల్లికి అతడు తుంటరి కొడుకు. రాజుకు కోట గోడ దూకిన నేరస్థుడు. రాజుగారి బావమరిదికి పక్కలో బల్లెం. మాంత్రికుడికి మాత్రం అతడు ఏళ్ళ తరబడి వెతుక్కుంటే దొరికిన మేలిరత్నం. రత్నాల వ్యాపారి రాయిని వెలుగుకు పట్టి చూసినట్టు వాడు రాముణ్ణి చూస్తాడు. అందులో మెచ్చుకోలు ఉంది, లెక్క ఉంది, ఆకలీ ఉంది.

రంగారావు ఈ మూడింటినీ ఒక్క పిలుపులో పెట్టారు. ‘డింభకా’ అన్న ఆ మాట డెబ్బై ఏళ్ళు దాటినా తెలుగువాళ్ళ నోట ఆడుతూనే ఉంది. నిఘంటువులో డింభకుడంటే పసివాడు. గురువు శిష్యుణ్ణి అలా పిలవొచ్చు, తాత మనవణ్ణి పిలవొచ్చు. మాంత్రికుడి నోట్లో ఆ పిలుపు తియ్యగానే మొదలవుతుంది. సంగతి తెలిసి కూర్చున్న ప్రేక్షకుడికి అది మేకపిల్లను నిమురుతున్న చెయ్యిలా వినిపిస్తుంది. ఆప్యాయతకు, బలికి మధ్య ఉన్న దూరాన్ని ఒక్క పిలుపులో చెరిపేయడం పింగళి పనితనం. ఆ మాటను పైకెత్తి, సాగదీసి, చివర్లో కిందికి దించే పద్ధతి రంగారావుది. రాతా గొంతూ ఇంతగా ఒకదానిలో ఒకటి కలిసిపోయిన సందర్భాలు మన సినిమాలో అరుదు.

మాటల్లోనే మనుషుల్ని విడదీసిన తీరు చూడండి. రాజదర్బారుకు ఒక భాష, మాంత్రికుడికి సంస్కృతం పులిమిన మంత్రపు భాష, తోటరాముడికి ఇంట్లో మాట్లాడే తెలుగు. గుహలో గంభీరమైన సమాసాల మధ్య రాముడు ‘సరే, ఏం చెయ్యాలో చెప్పు’ అన్న ధోరణిలో నిలబడతాడు. పక్కనున్నవాడు అంత కష్టపడి కట్టిన మాయాలోకంలో ఒక్క మనిషి మాత్రం మనిషిలా మాట్లాడుతున్నాడు. మన ప్రాణం అతణ్ణే పట్టుకుని ఉంటుంది.

ఆశ ఉన్న వీరుడు

తోటరాముడు లోకకల్యాణం కోసం బయలుదేరలేదు. అతనికి రాకుమారి ఇందుమతి కావాలి. ఆమె కోసం రాత్రివేళ కోటలోకి చొరబడి పట్టుబడతాడు. తనకు సమానమైన ఐశ్వర్యం సంపాదించుకొస్తే పిల్లనిస్తానని రాజు షరతు పెడతాడు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేసిన ఆ రాజు క్రూరుడు కాడు. లోకం తెలిసిన ఆడపిల్ల తండ్రి. తోటమాలి కొడుక్కి ఐశ్వర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? సరిగ్గా అప్పుడు మాంత్రికుడు ఎదురవుతాడు, సంపద ఆశ చూపిస్తాడు. రాముడు నమ్మి వెంట వెళతాడు.

ఇక్కడ రచయిత తీసుకున్న తెగింపు నాకు ఎంతో ఇష్టం. మన వీరుడు ఆశపడ్డాడు. మోసపోయాడు. దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం సినిమాలో ఎక్కడా కనిపించదు. రాముడు వలలో పడుతున్నాడన్న సంగతి మనకు ముందే తెలుసు, అతనికి తెలియదు. వి.జె.వర్మ గొంతులో వచ్చే నేపథ్యగీతం అతని అమాయకత్వానికి జాలిపడుతుంది. మొనగాడి మీద జాలిపడే పాట ఎన్ని సినిమాల్లో ఉంటుంది? పొగడ్త ఉండవలసిన చోట జాలి పెట్టారు. దాంతో అతడు మనలో ఒకడైపోయాడు. అప్పు తీర్చడానికి దూరదేశం వెళుతున్న పొరుగింటి కుర్రాణ్ణి సాగనంపినట్టు మనం అతణ్ణి సాగనంపుతాం.

అతనికి ఇంటి దగ్గర ఒక తల్లి ఉంది. ఆ వేషం వేసింది సురభి కమలాబాయి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా కనిపించిన నటి. తెలుగు తెరకు తొలి కథానాయిక, దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, తెలుగు జానపద వీరుడికి తల్లి అయింది. సినిమాలో ఆమె భాగం పెద్దదేమీ కాదు. కానీ పాతాళం దాకా వెళ్ళిన మనిషికి భూమ్మీద ఒక గడప ఉండాలి, ఆ గడప దగ్గర ఎదురుచూసే మనిషి ఉండాలి. లేకపోతే అతడు తిరిగొచ్చినా రాకపోయినా మనకు ఒకటే.

ఆ పేరులోనూ ఆలోచన ఉంది. విజయుడు, ప్రతాపుడు, జయసింహుడు అని పెట్టలేదు. తోటపని చేసేవాళ్ళ ఇంటి రాముడు కాబట్టి తోటరాముడు. వీధిలో నలుగురూ పిలిచే పేరే తప్ప శాసనాల్లో చెక్కే పేరు కాదు.

మడుగులో తేలిన నిజం

గుహలో పరీక్షలన్నీ నెగ్గాక బలికి ముందు స్నానం చెయ్యాలి. మాంత్రికుడు రాముణ్ణి మడుగులోకి పంపుతాడు. అక్కడ మొసలి పట్టుకుంటుంది. రాముడు దానితో కలబడి చంపుతాడు. మొసలి రూపం పోయి శాపం తీరిన దేవకాంత ప్రత్యక్షమై, మాంత్రికుడి అసలు ఉద్దేశం చెబుతుంది. రాముడు తిరిగొచ్చి, తనను బలి ఇవ్వబోయినవాణ్ణే భైరవికి బలి ఇస్తాడు.

ఇంత చిన్న ఘట్టంలో కథ కట్టుబడి ఎంత గట్టిగా ఉందో చూడండి. రహస్యం రాముడికి ఊరికే తెలియలేదు. ఆకాశవాణి పలకలేదు, కలలో దేవుడు కనపడలేదు. మొసలికి భయపడి ఒడ్డుకు పారిపోయి ఉంటే ఆ రహస్యం నీళ్ళలోనే ఉండిపోయేది. సాహసం చేశాడు కాబట్టి తెలిసింది. తెలిసిన తర్వాత కేకలు పెట్టలేదు, ముఖంలో ఏమీ చూపించలేదు. అక్కడ సాహసం పక్కకు తప్పుకుని తెలివి ముందుకొచ్చింది. మాంత్రికుడు ఏ రెండు గుణాలైతే వెతికాడో ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి, అదే వరసలో, వాడి మెడ మీదికే వచ్చాయి. లక్షణాలన్నీ సరిచూసి కొన్న ఎద్దు కొమ్ములు విసిరినట్టయింది.

బలికి తగినవాడు అన్న ఆలోచన ఇక్కడ పూర్తి రూపం దిద్దుకుంటుంది. తక్కువ మనిషిని తెచ్చి ఉంటే మాంత్రికుడు బతికేవాడు, కానీ ప్రతిమ దక్కేది కాదు. సరైన మనిషిని తెస్తేనే ప్రతిమ దక్కుతుంది, కానీ సరైన మనిషి బలిపీఠం మీద తల పెట్టి ఊరుకోడు. వాడి కోరికలోనే వాడి చావు ముడిపడి ఉంది. ఈ ముడి వేసిన రచయితకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

శక్తికి పక్షపాతం లేదు

సగం కథకే రాముడి చేతికి ప్రతిమ వచ్చింది. గిరిజ వేసిన భైరవి నవ్వుతూ ప్రత్యక్షమై ఏం కావాలో అడుగుతుంది. మేడ కట్టించమంటే మేడ లేస్తుంది, సంపద ఇమ్మంటే సంపద వస్తుంది. రాజు పెళ్ళికి ఒప్పుకున్నాడు. మామూలు జానపదం ఇక్కడ మంగళం పాడుతుంది. కె.వి.రెడ్డి, పింగళి మాత్రం అసలు పరీక్షను ఇక్కడే మొదలుపెట్టారు.

మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు గురువు శవాన్ని బతికించుకుంటాడు. ఆ శిష్యుడి వేషంలో పద్మనాభం. రాజుగారి బావమరిదిగా వేసిన రేలంగి చేత మాంత్రికుడు ప్రతిమను దొంగిలింపజేస్తాడు. ప్రతిమ చేతులు మారగానే భైరవి కూడా అటు మారింది. నిన్న రాముడికి మేడ ఇచ్చిన దేవతే ఇవాళ ఆ మేడను, అందులో ఉన్న రాకుమారినీ మాంత్రికుడి దగ్గరికి చేరుస్తుంది. అదే నవ్వు, అదే వినయం, అదే ప్రశ్న.

ఈ సినిమాలో అన్నింటికన్నా లోతైన విషయం ఇదేనని నా నమ్మకం. మహిమకు మంచీ చెడ్డా లేవు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. అలాంటప్పుడు మహిమ ఉన్నవాణ్ణి వీరుడంటే, మధ్యాహ్నం దాకా రాముడు వీరుడు, మధ్యాహ్నం తర్వాత మాంత్రికుడు వీరుడు అనాలి. అది కుదరదు కాబట్టి వీరత్వాన్ని వేరే చోట వెతకక తప్పదు. భైరవి అటు వెళ్ళిపోయాక రాముడి దగ్గర ఏం మిగిలిందో అదే అతని అసలు ఆస్తి. కథ అతని చేతిలోంచి ప్రతిమను లాక్కున్నది మనకు ఆ మిగిలింది చూపించడానికే.

అల్లావుద్దీన్ కథతో పోల్చి చూస్తే ఈ మార్పు విలువ తెలుస్తుంది. అక్కడా మేడా రాకుమారీ మాయమవుతారు. కానీ అల్లావుద్దీన్ వేలికి రెండో మహిమ ఉన్న ఉంగరం ఉంది, దాన్ని రుద్దితే భూతం వచ్చి మేడ దగ్గర దింపుతుంది. తోటరాముడికి ఉంగరం లేదు. కాళ్ళున్నాయి, తోడుగా స్నేహితుడు అంజి ఉన్నాడు. దారిలో దొరికే మాయపాదుకలు, కప్పుకుంటే మనిషిని కనపడనీయని శాలువా కూడా ఎవరో కరుణించి ఇచ్చినవి కావు. యుక్తి పన్ని సంపాదించుకున్నవి. రెండో సగంలో రాముడికి దక్కిన ప్రతి వస్తువు వెనకా అతని బుర్ర పనిచేసిన జాడ ఉంటుంది.

గడ్డం, క్షురకత్తి

మాంత్రికుడి మహిమ అంతా గడ్డంలో ఉంది. అది తెలిశాక రాముడు కత్తి దూసి మీద పడడు. రాకుమారికి గడ్డం నచ్చదన్న మాట వాడి చెవిన వేసి, వాడంతట వాడే గీయించుకునేలా చేస్తారు. ఆ పని చేసేది రాముడు కాదు. వల్లూరి బాలకృష్ణ వేసిన అంజి. సదాజపుణ్ణి బంధించి, అతని వేషం వేసుకుని, గురువుగారికి సేవ చేస్తున్న శిష్యుడిలా అంజి ఈ పని కానిస్తాడు.

మూడు లోకాల్నీ గడగడలాడించిన శక్తి ఒక క్షురకత్తికి తెగిపోయింది. హాల్లో నవ్వులు మోగుతాయి. ఆ నవ్వులో పెద్ద న్యాయం ఉంది. మాంత్రికుడు చివరికి చేసిన తప్పు మంత్రంలో కాదు, మనసులో. ఆడదాని మెప్పు కోసం గడ్డం తీయించుకున్నాడు. రాముడు కూడా ఆమె కోసమే పాతాళం దాకా వెళ్ళాడు. ఇద్దరిదీ ఒకే ఆశ. ఒకడు ఆ ఆశ కోసం తన ప్రాణం పెట్టాడు, ఇంకొకడు ఇతరుల ప్రాణాలు పెట్టి, తన గడ్డం దగ్గరికొచ్చేసరికి దెబ్బతిన్నాడు. గడ్డం పోయిన తర్వాతే కత్తియుద్ధం. అప్పటికి ఇద్దరూ మామూలు మనుషులు. మామూలు మనుషుల మధ్య గెలుపు ఎవరిదో మనకు తెలుసు.

గెలుపులో సగం అంజికి వదిలేయడం వల్ల నాయకుడు చిన్నబోలేదు. మన పల్లెకథల్లో ఒంటరి వీరుడు తక్కువ. పక్కన తోడు ఉంటాడు, వాడు నవ్విస్తాడు, అవసరమైనప్పుడు ప్రాణం అడ్డువేస్తాడు. ఎవర్ని నమ్మాలో తెలియడం కూడా వీరుడి తెలివిలో భాగమే. మొదటి సగంలో మాంత్రికుణ్ణి నమ్మి మోసపోయినవాడు రెండో సగంలో అంజిని నమ్మి గెలిచాడు. రాముడిలో వచ్చిన ఎదుగుదల అంతా ఈ రెండు నమ్మకాల మధ్య ఉంది.

లేనిదాన్ని చూసే కన్ను

ఇక కెమెరా సంగతి. మార్కస్ బార్ట్లీకి కంప్యూటర్ లేదు. ఆ రోజుల్లో మాయలన్నీ కెమెరా పొట్టలోనే జరగాలి. నటుణ్ణి బొమ్మలా నిలబెట్టి, కెమెరా ఆపి, వస్తువు మార్చి మళ్ళీ తిప్పాలి. కటకానికి ఒక పక్క మూసి సగం బొమ్మ తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, రెండో పక్క తెరిచి మిగతా సగం తియ్యాలి. ఒక బొమ్మ మీద ఇంకొక బొమ్మను కరిగించాలి. చుట్టిన ఫిల్ము నాలుగు ఫ్రేములు తేడా వచ్చినా, కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంతా మళ్ళీ మొదటి నుంచి. స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కలు కట్టే దర్శకుడికీ, నలుపు తెలుపుల మధ్య వెన్నెల పండించిన ఈ ఛాయాగ్రాహకుడికీ జోడీ ఎందుకు కుదిరిందో తేలిగ్గానే అర్థమవుతుంది. ఇద్దరిదీ ఓపిక మీద బతికే వృత్తి.

ఇలాంటి షాట్లలో నటుడికి చాలాసార్లు ఎదురుగా ఏమీ ఉండదు. ఉన్నట్టు చూడాలి. అద్భుతం తెర మీద ఎంత పెద్దదన్నది ఆ చూపే చెబుతుంది. కళ్ళు మరీ పెద్దవి చేస్తే ప్రేక్షకుడు నవ్వుతాడు, చేయకపోతే నమ్మడు. రామారావు పట్టుకున్న కొలత అపురూపం. రాముడు ప్రతి వింతకూ ఒక్క క్షణం నిజంగా ఆశ్చర్యపోతాడు. ఆ తర్వాత వెంటనే పనిలో పడతాడు. తోటలో పాము కనపడితే తోటమాలి కొడుకు ఏం చేస్తాడు? ఉలిక్కిపడతాడు, ఆ వెంటనే కర్ర అందుకుంటాడు. ఆ ఉలికిపాటుకూ కర్ర అందుకోవడానికీ మధ్య ఉన్న అరక్షణమే తోటరాముడి నటన. ఉలికిపాటు లేకపోతే అతడు రాతిబొమ్మ, కర్ర అందుకోకపోతే కథకు నాయకుడే లేడు.

రంగారావు ఇందుకు పూర్తిగా ఎదురు. మాంత్రికుడికి ఏ వింతా వింత కాదు. భైరవి వచ్చినా, మేడ ఎగిరినా తన సొత్తు తనకు వచ్చిందన్నట్టు చూస్తాడు. ఆశ్చర్యపోవడం మానేసిన మనిషి వాడు. మంత్రం తెలిసినవాడికి లోకం చిన్నదైపోయింది, తెలియనివాడికి ఇంకా పెద్దదిగానే ఉంది. ఈ ఇద్దరి కళ్ళనూ ఒకే ఫ్రేములో చూస్తే చాలు, ఎవరి వైపు ఉండాలో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

రక్తసంబంధం

బలికి ఎంచిన వీరుడి కథ పాతదే. విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని శ్మశానంలో నడిచింది ఎవరి కోసం? తనను బలి ఇవ్వబోతున్న యోగి కోసమే. ప్రశ్న మీద ప్రశ్న వేసి, జవాబు వినగానే చెట్టెక్కిన బేతాళుడు చివరికి ఆ కుట్ర బయటపెట్టి రాజును కాపాడాడు. ఆ కథల్ని మన ఇళ్ళలోకి తెచ్చింది ‘చందమామ’. శవాన్ని మోస్తూ కత్తి పట్టి నడిచే ఆ రాజును శంకర్ గీసిన బొమ్మ చూడని తెలుగు పిల్లలు ఒక తరంలో ఉండరు. 1985లో దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ ధారావాహికలో అరుణ్ గోవిల్ ఆ శవాన్ని మోశారు. రాజు బలం అతని భుజంలో కన్నా, జవాబు తెలిసి నోరు మూసుకోలేని అతని నిజాయితీలో ఉంది. ఆ నిజాయితీ వల్లే శవం ప్రతిసారీ చెట్టెక్కింది. దాని వల్లే బేతాళుడు అతని పక్షం చేరాడు. ఇక్కడా అదే కిటుకు. మనిషిని చిక్కుల్లో పడేసిన గుణమే గట్టెక్కిస్తుంది.

తోటరాముడు వచ్చిన యాభై ఎనిమిదేళ్ళకు, 2009లో, కోడి రామకృష్ణ ‘అరుంధతి’ తీశారు. గద్వాల సంస్థానంలో జేజెమ్మగా, ఆమె మళ్ళీ పుట్టిన అరుంధతిగా అనుష్క నటించారు. అప్పటికి కెమెరా మాయలు కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. ప్రతినాయకుడు పశుపతి గొంతులో నేపాళ మాంత్రికుడి వెటకారానికి బదులు కసి నిండింది. కానీ వీరత్వానికి కొలబద్ద మారలేదు. పశుపతి ప్రేతాన్ని చంపే ఆయుధం జేజెమ్మ ఎముకలతోనే తయారుకావాలి. ఆమె ఒప్పుకుంటుంది. నరకంలాంటి చావును కోరి తెచ్చుకుంటుంది. మళ్ళీ పుట్టినప్పుడు, ఆ ఆయుధం తన నెత్తురు తాగితేగానీ పనిచేయదని తెలిసి ఆ నెత్తురూ ఇస్తుంది. వృత్రాసురుణ్ణి చంపడానికి వెన్నెముక ఇచ్చిన దధీచి కథ తెలిసినవాళ్ళకు ఆ ఎముకల ఆయుధం కొత్తదనిపించదు. రాముడు బలిపీఠం మీంచి తప్పించుకుని వీరుడయ్యాడు, జేజెమ్మ తనంతట తానే దాని మీదికి ఎక్కి వీరురాలైంది. ఇద్దరికీ మధ్య అర్ధశతాబ్దం దూరం ఉన్నా వాళ్ళు నిలబడింది ఒకే రాతి ముందు.

ఇదే బృందం ఆ తర్వాత ‘మాయాబజార్’ (1957) తీసింది. అది ఇంకా గొప్ప సినిమా అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ మాయ ఘటోత్కచుడిది, అంటే మనవాడిది. మనకు భయం లేదు, ఆనందమే. భయం ఉన్నచోట వీరుడు ఎలా తయారవుతాడో చూడాలంటే మాత్రం ‘పాతాళభైరవి’ దగ్గరికే రావాలి.

ఆ సినిమా చూసిన ప్రతిసారీ చివరికి నా మనసు మాంత్రికుడి దగ్గరే ఆగుతుంది. అంత విద్య నేర్చాడు, అంత దూరం నడిచాడు, అంతమందిలో ఒకణ్ణి ఎంచాడు. ఆ ఎంపికలో వీసమెత్తు పొరపాటు లేదు. రాజులు, సేనానులు ఉన్న ఊళ్ళో తోటమాలి కొడుకే మొనగాడని వాడికొక్కడికే తెలిసింది. సాహసం ఉందనుకున్నాడు, ఉంది. తెలివి ఉందనుకున్నాడు, ఉంది. ఇంత సరిగ్గా మనిషిని తూచినవాడు, అలాంటి మనిషి చేతికి కత్తి అందితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే కథ లేదు. ఆలోచించలేదు కాబట్టి తోటరాముడు ఇంటికొచ్చాడు.